పసిపిల్లలకు దోమకాటు నివారణ, పిచికారీ మందులు లేని పద్ధతులు: బిలాస్‌పూర్ రైల్వే పట్టణం

నిర్వచనం, పరిధి

పుట్టిన నాటి నుంచి అయిదేళ్లు నిండేవరకు పిల్లలను దోమకాటు నుంచి కాపాడటానికి ఇంట్లో చల్లే మందులు, మండించే కాయిల్స్, ప్లగ్గులో పెట్టి ఆవిరిగా వదిలే ద్రవాలు వాడకుండా అనుసరించే పద్ధతులు ఈ వ్యాసానికి విషయం. ఇవి రెండు తెగలు. మొదటిది అడ్డు: దోమతెర, కిటికీ జాలీ, ఒళ్లు కప్పే బట్టలు, ఫ్యాను గాలి. రెండోది పుట్టుక నివారణ: ఇంట్లో, ఇంటి చుట్టూ దోమ గుడ్లు పెట్టే నీటిని తీసేయడం, మూసేయడం, లేదా అందులో లార్వాను తినే జీవుల్ని వదలడం. మందు పట్టించిన దోమతెర పిచికారీ కాదు, అలాగని రసాయన రహితమూ కాదు. దాని సంగతి విడిగా చెప్పాలి (చూడు: మందు పట్టించిన తెరలు).

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌ను ఉదాహరణగా తీసుకోవడానికి కారణాలున్నాయి. మలేరియా ఎక్కువగా ఉండే అటవీ ప్రాంతాలు ఈ జిల్లాకు ఆనుకుని ఉన్నాయి. ఎండాకాలంలో ఇక్కడ ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది, కాబట్టి నీటి కూలర్ లేని ఇల్లు అరుదు. రైల్వే కొలువుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్, రాయపూర్‌లలో లాగే ఇక్కడా తరాలుగా ఉంటున్నాయి. పురుటికి ఊరెళ్లి చంటిపిల్లతో క్వార్టరుకు తిరిగొచ్చే తల్లికి ఈ రెండు ప్రాంతాల దోమలతోనూ పని పడుతుంది.

చరిత్ర

బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడింది. 1891 నాటికి నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్సోల్ వరకు దాని ప్రధాన మార్గం తయారైంది. రైలుకట్ట వేయాలంటే మట్టి కావాలి. ఆ మట్టి కోసం కట్ట పొడవునా తవ్విన గుంటల్లో వానాకాలం నీరు నిలిచేది. ఈ గుంటలకూ మలేరియాకూ ఉన్న సంబంధం భారత రైల్వేల ఆరోగ్య చరిత్రలో పదేపదే కనిపిస్తుంది. కట్ట పక్కనే గ్యాంగ్‌మన్ల గుడిసెలు, స్టేషన్ సిబ్బంది ఇళ్లు ఉండేవి. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తవడంతో ఛత్తీస్‌గఢ్ మైదానానికీ ఉత్తరాంధ్ర తీరానికీ మన్యం గుండా నేరుగా రైలు నడిచింది. ఆ మార్గంలోని కొండ ప్రాంతాలు మలేరియాకు పేరుపడ్డవి.

దోమ కడుపులో మలేరియా పరాన్నజీవి పెరగడాన్ని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో చూశాడు. దోమను అడ్డుకుంటే జబ్బును అడ్డుకోవచ్చా అన్న ప్రశ్నకు తొలి జవాబులు ఇటలీలోని రైల్వే ఇళ్లలో దొరికాయి. ఏంజెలో చెల్లి 1899లో రోమ్ పరిసరాల రైల్వే సిబ్బంది ఇళ్ల కిటికీలకు, తలుపులకు సన్న తీగ జాలీ బిగించి చూశాడు. మరుసటి ఏడు జొవాన్ని బత్తిస్తా గ్రాసీ కపాచ్చో మైదానంలో 112 మందిని పొద్దుగుంకింది మొదలు తెల్లవారేదాకా దోమ కుట్టకుండా కాపాడాడు. వాళ్లలో అయిదుగురికే జ్వరం వచ్చింది. కాపు లేని 415 మంది జబ్బుపడ్డారు. ఒక్క చుక్క మందు చల్లకుండా వచ్చిన ఫలితం ఇది. ఈ రంగంలో దీనికి తగినంత గుర్తింపు రాలేదనే చెప్పాలి.

భారతదేశంలో బెంగాల్ నాగపూర్ రైల్వే మలేరియా నిపుణుడు రొనాల్డ్ సీనియర్-వైట్ రైల్వేలపై మలేరియా ప్రభావం గురించి చేసిన అధ్యయనం 1928లో వెలువడింది. ఏ నీటిలో ఏ జాతి దోమ పుడుతుందో తెలుసుకుని, ఆ నీటినే మార్చడం ఆ కాలపు పద్ధతి. అదే ఏడు ఇటలీ నుంచి లార్వాను తినే గాంబూసియా చేపలు భారతదేశానికి వచ్చాయి.

డీడీటీ వచ్చాక దారి మారింది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. గోడలకు మందు కొట్టడమే వాటికి ప్రధాన సాధనం. 1965 నాటికి దేశంలో మలేరియా కేసులు లక్షకు దిగాయి. తర్వాత దోమ మందుకు అలవాటుపడింది, నిఘా సడలింది. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. పిచికారీ ఒక్కదానినే నమ్ముకోకూడదన్న ఆలోచనకు ఆ పదకొండేళ్ల అనుభవమే బలం.

పసిపిల్లలకే ఎందుకు ఎక్కువ ప్రమాదం

కుట్టేది ఆడ దోమే. మనిషి వదిలే ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు, ఒంటి వేడి, చెమట వాసన దానికి దారి చూపుతాయి. చంటిపిల్ల దోమను తోలుకోలేదు, దుప్పటి సర్దుకోలేదు, కుట్టిందని చెప్పలేదు. పగలు కూడా చాలాసేపు నిద్రపోతుంది. కుట్టిన చోట దద్దు పెద్దవారికన్నా పెద్దదిగా లేస్తుంది. గోళ్లతో గీరుకుంటే పుండై చీము పడుతుంది.

జబ్బుల విషయానికి వస్తే, మలేరియాకు రోగనిరోధక శక్తి ఇంకా ఏర్పడని పసివాళ్లలో ఫాల్సిపారం రకం కొద్ది గంటల్లోనే మెదడుకు పాకవచ్చు, రక్తం విరిగి తీవ్రమైన పాండురోగం రావచ్చు. డెంగీలో మరో చిక్కుంది. తల్లికి లోగడ డెంగీ వచ్చి ఉంటే, ఆమె నుంచి బిడ్డకు చేరిన ప్రతిరక్షకాలు మొదటి నెలల్లో కాపాడతాయి. అవి సగం కరిగిన దశలో, అంటే సుమారు ఆరు నుంచి తొమ్మిది నెలల వయసులో, జబ్బు తీవ్రం కావడానికి అవే కారణం కావచ్చు. ఛత్తీస్‌గఢ్‌లో డెంగీ తీవ్రత 2018లో దుర్గ్ జిల్లా భిలాయిలో ప్రబలినప్పుడు అందరికీ తెలిసింది. భిలాయి కూడా తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్న పారిశ్రామిక పట్టణమే.

దోమ జాతులు, కుట్టే వేళలు

పల్లెల్లో మలేరియాను మోసేది ఎక్కువగా అనాఫిలస్ క్యులిసిఫేసీస్. ఇది వాన గుంటల్లో, పొలం కాలువల్లో పుడుతుంది. కొండవాగుల్లో పుట్టేది అనాఫిలస్ ఫ్లువియాటిలిస్. పట్నంలో నూతులు, మూతలేని ట్యాంకులు అనాఫిలస్ స్టెఫెన్సీకి నెలవు. ఈ మూడూ పొద్దుగుంకాక కుట్టేవే. మురుగు కాలువలో, సెప్టిక్ ట్యాంకులో పుట్టే క్యూలెక్స్ రాత్రంతా కుడుతుంది. ఉత్తరాంధ్ర వారికి చిరకాలంగా తెలిసిన బోదకాలు ఈ దోమ మోసేదే.

ఈడిస్ తీరు వేరు. కాళ్ల మీద తెల్ల చారలుండే ఈ దోమ పగలే కుడుతుంది. పొద్దున ఎండెక్కే వేళ, సాయంత్రం పొద్దువాలే ముందు దీని జోరు ఎక్కువ. ఇంట్లో దాచుకున్న శుభ్రమైన నీళ్లే దీనికి కావాలి. పుట్టిన చోటు నుంచి కొన్ని వందల మీటర్లకు మించి ఎగరదు. కాబట్టి పిల్లను కుట్టిన ఈడిస్ మన ఇంట్లోదో పక్కింటిదో అయివుంటుంది.

దోమతెర

పసిపిల్లకు అన్నిటికన్నా నమ్మకమైన అడ్డు దోమతెర. హిందీలో మచ్ఛర్‌దానీ అని బిలాస్‌పూర్ బజారులో అడిగితే నూలువి, పాలియెస్టర్‌వి, గొడుగులా ముడుచుకునే పసిపిల్లల తెరలు దొరుకుతాయి. మంచి తెరకు చదరపు అంగుళానికి 156 రంధ్రాలు ఉండాలన్నది చాలాకాలంగా పాటిస్తున్న ప్రమాణం. అంతకన్నా పెద్ద రంధ్రాల్లో దోమ దూరుతుంది, మరీ సన్నవైతే లోపల గాలాడదు. ఎండాకాలంలో కరెంటు పోతే తెరలో చంటిపిల్ల ఉక్కపోతకు ఏడుస్తుంది. అప్పుడు తెర పైకెత్తేస్తారు. దోమలు కుట్టేది అలాంటి వేళల్లోనే. ఇక్కడి ఎండకు దళసరి నూలు తెరకన్నా పలుచని పాలియెస్టర్ తెర మేలు. కరెంటు ఉన్నప్పుడు గాలి తెరలోకి సూటిగా కొట్టేలా టేబుల్ ఫ్యాను బయట పెట్టుకుంటే ఉక్క తగ్గుతుంది.

తెర కట్టే తీరులోనే సగం పనితనం ఉంది. దీపాలు పెట్టే వేళకు ముందే దించాలి. అంచులు పరుపు కిందికి నాలుగు వైపులా దోపాలి. పిల్లను పడుకోబెట్టాక టార్చి వేసి లోపలి మూలలు చూడాలి, ఎందుకంటే తెరలో చిక్కిన ఒక్క దోమ రాత్రంతా కుడుతుంది. మందు లేని మామూలు తెరకు పిల్ల చెయ్యో కాలో ఆనుకుంటే దోమ బయట నుంచే కుట్టగలదు. అందుకని పిల్లను మంచం నడుమ పడుకోబెట్టి, తెర వైపు దిండ్లు కాకుండా కాస్త ఖాళీ వదలాలి. చిరుగును ఆ రోజే సూదిదారంతో కుట్టుకోవాలి. గొడుగు తెర పిల్ల కన్నా అన్ని వైపులా వెడల్పుగా ఉండాలి. బోర్లాపడి పాకే వయసు వచ్చాక పిల్ల దాన్ని తోసేస్తుంది, మీదకు లాక్కుంటుంది కూడా. వదులుగా వేలాడే గుడ్డ, నాడాలు ముఖానికి చుట్టుకోకుండా చూసుకోవడం తప్పనిసరి.

తెలుగు ఇళ్లలో కట్టే చీర ఉయ్యాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చీర మడత పిల్ల చుట్టూ మూసుకున్నట్టు కనిపించినా, నూలు పలుచన అయిన చోట, వీపు కింద గుడ్డ బిగువుగా ఆనిన చోట దోమ గుడ్డలోంచే కుట్టగలదు. ఉయ్యాల లోపల దళసరి బొంత పరచాలి. ఉయ్యాల మొత్తాన్ని కప్పుతూ పైకొక్కెం నుంచి నేల దాకా తెర వేలాడదీయాలి. వేసవిలో పెరట్లో, మేడ మీద నులక మంచాలు వేసుకునే ఇళ్లలో నాలుగు కోళ్లకు వెదురు కర్రలు కట్టి తెర వేసే పాత పద్ధతి చక్కగా పనిచేస్తుంది. నులక సందుల్లోంచి కింద నుంచి కుట్టకుండా దళసరి పరుపు ఉండాలి.

తెర వాడకంలో మామూలుగా జరిగే లోపం పగటి నిద్రను వదిలేయడం. రాత్రి జాగ్రత్తగా తెర కట్టే ఇంట్లోనే మధ్యాహ్నం, సాయంత్రం పిల్లను ఊరికే చాప మీద పడుకోబెడతారు. ఈడిస్ కుట్టే వేళ అదే. పిల్ల ఎప్పుడు నిద్రపోతే అప్పుడు తెర ఉండాలి.

మందు పట్టించిన తెరలు

పోగులోనే పైరెత్రాయిడ్ మందు కలిసి ఉండే తెరలను ప్రపంచ ఆరోగ్య సంస్థ మలేరియా ప్రాంతాలకు సిఫారసు చేస్తోంది. వీటిని సుమారు 20 సార్లు ఉతికినా, మూడేళ్లు వాడినా మందు నిలిచేలా తయారుచేస్తారు. ఆఫ్రికాలో జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి చూసినప్పుడు ఇవి అయిదేళ్లలోపు పిల్లల మరణాలను దాదాపు ఆరో వంతు తగ్గించాయని తేలింది. తెరకు ఆనిన దోమ చచ్చిపోతుంది కాబట్టి చిన్న చిరుగున్నా కొంత కాపు మిగులుతుంది.

పిచికారీ వద్దనుకునే కుటుంబం ఈ తెరను కూడా వద్దనుకోవాలా? బిలాస్‌పూర్ పట్నం నడిబొడ్డున జాలీలు బిగించిన ఇంట్లో మామూలు తెర సరిపోతుంది. అడవి అంచు పల్లెకు పిల్లతో వెళ్లేవారికీ, మన్యంలోని అమ్మమ్మ ఊరికి వెళ్లేవారికీ మందు తెరే క్షేమం. దీన్ని చెరువులో, వాగులో ఉతకకూడదు, ఆ మందు చేపలకు విషం. ఎండలో కాక నీడలో ఆరేయాలి.

జాలీ, బట్టలు, ఫ్యాను

కిటికీ జాలీ ఇంటిల్లిపాదికీ కాపు. గాంబియాలో తలుపులకు, కిటికీలకు, చూరు సందులకు జాలీ బిగించిన ఇళ్లలో లోపలికి వచ్చే దోమలు సగానికి పైగా తగ్గాయనీ, పిల్లల్లో రక్తహీనత తగ్గిందనీ 2009లో వెలువడిన అధ్యయనం చూపింది. పాత రైల్వే క్వార్టర్లలో ఎత్తుగా ఉండే వెంటిలేటర్లు ఎవరికీ గుర్తురావు. కిటికీలన్నిటికీ జాలీ వేసి వెంటిలేటర్ వదిలేస్తే దోమ అటు నుంచే వస్తుంది. బోల్టులతో కాక గుడ్డ పట్టీలతో అంటించే జాలీలు అద్దె ఇళ్లకు, బదిలీల ఉద్యోగాలకు అనుకూలం.

బట్టలు లేతరంగువి, పొడుగు చేతులవి, ఒంటికి అంటుకోనంత వదులువి కావాలి. సాయంత్రం మేజోళ్లు తొడగాలి. ఫ్యాను గాలి దోమ ఎగరడాన్ని చెడగొడుతుంది, పిల్ల ఊపిరి వాసనను చెదరగొడుతుంది. అయితే కరెంటు ఉన్నంతసేపే దాని కాపు.

నిల్వనీరు, కూలర్లు

గుడ్డు నుంచి రెక్కల దోమ అయ్యేసరికి వేసవి, వానాకాలాల్లో వారం పది రోజులు పడుతుంది. వారానికోసారి నీళ్లన్నీ పారబోసి ఆరబెట్టే పొడిరోజు లెక్క ఇక్కడి నుంచే వచ్చింది.

బిలాస్‌పూర్ ఇళ్లలో మొదట చూడవలసింది కూలర్. మార్చి నెలాఖరు నుంచి జూన్ దాకా తిరిగే కూలర్ తొట్టిలో నీరు ఎప్పుడూ ఉంటుంది కానీ, అది రోజూ కదులుతూ, కొత్త నీటితో నిండుతూ ఉంటుంది. వానలు పడి చల్లబడ్డాక కూలర్ ఆపేస్తారు. అడుగున మిగిలిన నాలుగు వేళ్ల నీరు, తడి గడ్డి అలాగే ఉండిపోతాయి. దానిలో ఈడిస్ పెరుగుతుంది, కూలర్ పెట్టిన కిటికీయే నేరుగా పడకగదిలోకి తెరుచుకుంటుంది. నీళ్లు పారబోస్తే మాత్రం సరిపోదు. ఈడిస్ గుడ్లు నీటి మట్టానికి కొంచెం పైన, తొట్టి గోడకు అంటుకుని ఉంటాయి. ఎండిపోయినా నెలల తరబడి బతికి, మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. అందుకని తొట్టి ఖాళీ చేశాక గోడలను గరుకు బ్రష్షుతో, సబ్బునీటితో గట్టిగా రుద్దాలి. గడ్డి పలకలు తీసి ఎండలో పెట్టాలి, పాతవి పారేయాలి. తొట్టిని బోర్లించి దాచాలి. వచ్చే వేసవిలో నీళ్లు పోసే ముందు మళ్లీ రుద్దాలి.

వేళకు వచ్చే కుళాయి నీటి కోసం నింపుకునే డ్రమ్ములు, బకెట్లు, ఉత్తరాంధ్రవారు గోళెం అనే పెద్ద పాత్రలు తరువాతి వరుస. మూత బిగుతుగా పట్టకపోతే దళసరి గుడ్డ కప్పి అంచు చుట్టూ తాడు కట్టాలి. పూలకుండీల కింది పళ్లేలు, ఫ్రిజ్ వెనక నీటి తట్ట, డాబా మీది పాత టైర్లు, పక్షులకు పెట్టే నీళ్ల మూకుడు కూడా చూడాలి. సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టం మూతికి దోమగుడ్డ కట్టడం అయిదు నిమిషాల పని, క్యూలెక్స్ బయటకు రాదు. కదిలించని సెప్టిక్ గుంటల నీటిపై థర్మకోల్ పూసలు మందంగా పరిస్తే లార్వాకు ఊపిరి అందదు.

చేపల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. గాంబూసియా లార్వాను బాగా తింటుంది, కానీ చెరువులో వదిలితే స్థానిక చిన్న చేపల గుడ్లనూ పిల్లలనూ తినేస్తుంది. చెరువులకు పేరుపొందిన రతన్‌పూర్ వంటి ఊళ్లున్న ఈ జిల్లాలో దాన్ని ఇంటివారు సొంతంగా చెరువులో వదలడం తగదు. నీళ్లు మార్చలేని తొట్టెలకు బాసిల్లస్ థురింజియెన్సిస్ ఇస్రాయెలెన్సిస్ అనే బ్యాక్టీరియా మందు ఉంది. అది లార్వాను చంపుతుంది, మనుషులకు హాని చేయదు. పురపాలక, రైల్వే ఆరోగ్య సిబ్బంది ద్వారా వాడించుకోవడం మంచిది.

పొగలు, నూనెలు, కర్పూరం

పిచికారీ వద్దనుకున్నవారు తరచు చేసేది పొగ వేయడం. స్నానం చేయించాక చంటిపిల్లకు సాంబ్రాణి వేయడం తెలుగువారి ఆచారం. సాయంత్రం వేపాకు పొగ వేయడమూ ఉంది. బొగ్గు గనుల ప్రాంతం కావడంతో ఇక్కడ బొగ్గు కుంపటి సులువుగా దొరుకుతుంది. పొగ ఉన్నంతసేపు దోమలు కొంత తగ్గుతాయి. కానీ ఆ పొగే పసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, దగ్గు, న్యుమోనియా ప్రమాదాన్ని పెంచుతుంది. మూసిన గదిలో బొగ్గు కుంపటి కార్బన్ మోనాక్సైడ్ వదిలి ప్రాణమే తీయగలదు. ఒక కాయిల్ కాలితే వచ్చే సన్నని ధూళికణాలు 75 నుంచి 137 సిగరెట్ల పొగకు సమానమని 2003లో వెలువడిన పరిశోధన తేల్చింది. ఆకు పొగ కాయిల్ పొగ కన్నా క్షేమమని అనుకోవడానికి ఆధారం లేదు. వేయదలిస్తే పిల్లను బయటకు తీసుకుపోయి, ఖాళీ గదిలో వేసి, పొగంతా పోయాకే లోపలికి తేవాలి.

కర్పూరం కలిపిన నూనె పసిపిల్లల ఒంటికి రాయకూడదు. చర్మం ద్వారా, నోటి ద్వారా చేరితే మూర్ఛలు వస్తాయి. నాఫ్తలీన్ ఉండలు పెట్టిన పెట్టెలోని బట్టలు నేరుగా తొడిగితే, జీ6పీడీ ఎంజైము లోపమున్న పిల్లల్లో రక్తం విరిగి కామెర్లు ముదురుతాయి. వేపనూనె పసిపిల్లల కడుపులోకి పోతే మెదడు, కాలేయం దెబ్బతిన్న సంఘటనలు మలేషియాలోని భారతీయ కుటుంబాల్లో నమోదయ్యాయి. నిమ్మగడ్డి తరహా నూనెల ప్రభావం కొద్దిసేపే ఉంటుంది, పసి చర్మం మండవచ్చు. నిమ్మ యూకలిప్టస్ నూనెను మూడేళ్లలోపు పిల్లలకు వాడవద్దని అమెరికా ఆరోగ్య సంస్థల సలహా.

పనిచేయనివి

దోమల్ని తరుముతాయని అమ్మే అల్ట్రాసోనిక్ పరికరాలు కాటును ఆపలేవని 2007 నాటి సమీక్ష తేల్చింది. చేతికి కట్టే వాసన పట్టీలు ఒళ్లంతటికీ కాపు ఇవ్వవు, పైగా పిల్ల వాటిని నోట్లో పెట్టుకుంటుంది. కరెంటు బ్యాటు పిల్లకు అందనీయరాదు.

సంస్థలు, సేవలు

ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మొదలైన మితానిన్ (ఊరి ఆరోగ్య కార్యకర్త) కార్యక్రమం దేశంలోని ఆశా వ్యవస్థకన్నా ముందుది. జ్వరం వస్తే వేలి రక్తంతో పరీక్ష చేసే కిట్లు మితానిన్ల దగ్గర ఉంటాయి. బిలాస్‌పూర్‌కు సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని గనియారీ కేంద్రంగా పనిచేసే జన్ స్వాస్థ్య సహయోగ్, అడవి పల్లెల నుంచి రక్తపు స్లయిడ్లను సబ్బుపెట్టెల్లో పెట్టి బస్సుల ద్వారా ప్రయోగశాలకు తెప్పించుకునే ఏర్పాటు చేసి పేరు పొందింది. ఆరు నెలల నుంచి మూడేళ్ల పిల్లలను పగటిపూట చూసుకునే ఫుల్‌వారీలనూ ఆ సంస్థ పల్లెల్లో నడుపుతోంది. పిల్లలు పగలు నిద్రపోయే అంగన్‌వాడీలు, బాలకేంద్రాలన్నిటికీ జాలీలు, తెరలు ఇళ్లకెంత అవసరమో అంత అవసరం. పట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి సిమ్స్, రైల్వే కేంద్ర ఆసుపత్రి ఉన్నాయి.

పరిమితులు

ఒక ఇల్లు ఎంత శుభ్రంగా ఉన్నా పక్క క్వార్టరు కూలర్‌లో దోమ పుడితే ఫలితం సగమే. కాబట్టి పొడిరోజును వరుసలోని ఇళ్లన్నీ కలిసి పాటించాలి. డెంగీ ప్రబలినప్పుడు పురపాలక సంఘం చేసే ఫాగింగ్‌ను అడ్డుకోవడం సరికాదు. ఆ సమయానికి పిల్లను దూరంగా ఉంచి, పొగ సర్దుకున్నాక తలుపులు తెరవాలి. ఏ అడ్డూ నూటికి నూరుపాళ్లు పనిచేయదు. తెరలో పడుకున్న పిల్లకైనా జ్వరం వస్తే, వానాకాలంలోగానీ, అడవి ప్రాంతం నుంచి వచ్చాకగానీ, ఆ రోజే మలేరియా పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో, మితానిన్ దగ్గర ఆ పరీక్ష ఉచితం.